టాప్‌అప్ లోన్‌తో స్పెయిన్ ప్రయాణం వద్దు

ప్రశ్న: నేను, మావారు గచ్చిబౌలిలో ఒకే కంపెనీలో పనిచేస్తున్నాం. ఇద్దరికీ కలిపి నెలకు 2.13 లక్షలు చేతికి వస్తాయి. కొండాపూర్ ఫ్లాట్ ఈఎంఐ 58 వేలు. ఇంటి ఖర్చులు, నాలుగేళ్ల పాప స్కూలు కలిపి 67 వేలు. గడిచిన ఏడాది దుబాయ్, బ్యాంకాక్, సింగపూర్‌లకు మూడేసి రోజులు వెళ్లొచ్చాం. జూన్‌లో జర్మనీ, ఆస్ట్రియా, సెప్టెంబరులో ఇటలీ, స్విట్జర్లాండ్ అద్దె కారులో తిరిగాం. మొత్తం 12.80 లక్షలైంది. ఎఫ్‌డీ 3 లక్షలు, బోనస్ 1.95 లక్షలు, 14 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ 6 లక్షలు పోను, మిగతా 1.85 లక్షలు క్రెడిట్ కార్డు మీద ఉంది. మినిమం డ్యూ (కార్డు బిల్లులో తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) కింద నెలకు 12 వేల దాకా కడుతున్నాం. మ్యూచువల్ ఫండ్లలో 4.20 లక్షలున్నాయి, వాటిలో నెలకు 15 వేల సిప్ (నెలవారీ పెట్టుబడి) నడుస్తోంది. వచ్చే మేలో స్పెయిన్, పోర్చుగల్ చూడాలని ఉంది. సెవిల్, లిస్బన్‌లలో హోటళ్లు బుక్ చేశాం. సిప్ ఆపి వెళ్లాలా, ఉన్న పర్సనల్ లోన్ మీద ఇంకో 4 లక్షలు టాప్‌అప్ తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దు. ఈ మేలో స్పెయిన్ ఆలోచనే మానుకోండి.

మీ ఉత్తరాన్నే ఎంచుకుని జవాబు రాయడానికి కారణం ఉంది. మాదాపూర్, గచ్చిబౌలి, నార్సింగి వైపు నుంచి వచ్చే ఉత్తరాల్లో ఇదే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. విహారయాత్రకు అప్పు చేయడం తప్పే. అంతకంటే ముందు జరిగే తప్పు, అత్యవసరానికి దాచిన డబ్బును ప్రయాణాలకు వాడేయడం. ఏడాది ఖర్చును మీరు ఎంతో శ్రద్ధగా రాసి పంపారు. గ్రాస్‌గ్లాక్నర్ కొండదారి టోలు, స్విస్ సరిహద్దు దగ్గర కొన్న 40 ఫ్రాంకుల విన్యెట్ (హైవేల మీద తిరగడానికి కారుకు అంటించే టోలు స్టిక్కరు), ఫ్లోరెన్స్‌లో బయటి కార్లకు అనుమతి లేని ప్రాంతంలోకి వెళ్లినందుకు ఇంటికొచ్చాక పడిన జరిమానా, దాని మీద కారు అద్దెకిచ్చిన సంస్థ వేసిన రుసుము, అన్నీ ఉన్నాయి. ఎఫ్‌డీ గురించి మాత్రం ‘క్లోజ్ చేశాం’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. మీ ఇంటికి ఉన్న ఆసరా అంతా ఆ మూడు లక్షలే. మూడు చిన్న ప్రయాణాలకే అది ఖర్చయిపోయింది. జూన్ నాటికి చేతిలో ఏమీ లేక లోన్ దాకా వెళ్లారు.

లోన్ డబ్బు ఖాతాలో పడ్డాక స్టేట్‌మెంట్ బాగా కనిపించిందని, వీసా సులువుగా వచ్చిందని రాశారు. ఆ వాక్యం చదివి కలవరపడ్డాను. అందులో కనిపించిన ఆరు లక్షలూ బాకీయే. వీసా అధికారికి ఆ సంగతి తెలియకపోవచ్చు, మీకు తెలుసు. అయినా ఖాతాలో డబ్బుందన్న ధైర్యంతోనే సెప్టెంబరులో ఇటలీకి టికెట్లు కొన్నారు.

దాని ఫలితం అక్టోబరులో కనిపించింది. మీ అత్తగారిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు, బీమా సంస్థ నుంచి క్యాష్‌లెస్ అనుమతి వచ్చేలోగా 80 వేలు అడ్వాన్సు కట్టమన్నారు. కార్డు పరిమితి అప్పటికే నిండిపోయింది. రాత్రి పదకొండింటికి మీ మరిదికి ఫోన్ చేసి డబ్బు తెప్పించుకున్నారు. నెలకు రెండు లక్షలకు పైగా సంపాదించే ఇల్లు అది! ఆయన ఫోన్ ఎత్తకపోతే ఏం చేసేవారు? రుణ యాప్ తెరిచేవారు. అలా తెరిచినవాళ్ల ఉత్తరాలు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. వాటిని ఇక్కడ వివరించను.

ఇంకో సంగతి మీరు గమనించినట్టు లేదు. ఇద్దరి జీతాలూ ఒకే కంపెనీవి. మీ నలుగురికీ ఉన్న 5 లక్షల ఆరోగ్య బీమా కూడా ఆ కంపెనీదే. అక్కడ కోతలు మొదలైతే రెండు జీతాలూ, బీమా ఒకేసారి పోయే ప్రమాదం ఉంది. షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) నిబంధన ప్రకారం కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీతో ట్రావెల్ పాలసీ తీసుకునే బయల్దేరారు. యూరప్‌లో గడిపిన కొద్ది రోజులకు అంత రక్షణ కొనుక్కున్నారు. హైదరాబాద్‌లో గడిపే మిగతా ఏడాదికి సొంతంగా ఒక్క పాలసీ కూడా లేదు.

టాప్‌అప్ తీసుకుంటే ఏమవుతుందో కూడా చూడండి. ఇప్పుడు పర్సనల్ లోన్ ఈఎంఐ సుమారు 20,500. మూడేళ్లలో వడ్డీయే 1.38 లక్షలు. అదే వడ్డీకి, అదే గడువుకు ఇంకో 4 లక్షలు తెస్తే నెలకు మరో 13,700 చేరుతుంది. ఫ్లాట్‌తో కలిపి 92 వేలు, అంటే జీతాల్లో 43 శాతం, కార్డు బాకీ కాకుండానే! ఫోనుకు మెసేజ్ వచ్చింది కదా, ప్రీ అప్రూవ్డ్ (ముందే మంజూరైంది) కదా అంటున్నారు. తీర్చే శక్తి ఉందో లేదో బ్యాంకు చూస్తుంది. అత్తగారి అడ్వాన్సుకు డబ్బుందో లేదో అది చూడదు.

ముందు కార్డు బాకీ తీర్చండి. నెలకు 3.5 శాతం చొప్పున 1.85 లక్షల మీద వడ్డీ, జీఎస్టీ కలిపి దాదాపు 7,600 పోతోంది. మీరు కట్టే 12 వేలలో సగానికి పైగా దానికే. ఏ ఫండూ ఏడాదికి 42 శాతం నిలకడగా ఇవ్వదు. ఫండ్ల నుంచి ఆ మొత్తం తీసి ఒక్కసారే కట్టేయండి. కొని ఏడాది దాటిన ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్ యూనిట్లు ముందు అమ్మండి. వాటి లాభంలో ఏడాదికి 1.25 లక్షల వరకు పన్ను లేదు. ఆ తర్వాత మరిది దగ్గర తెచ్చిన 80 వేలు తిరిగి ఇచ్చేయండి.

తర్వాత అత్యవసర నిధి. ఫ్లాట్, లోన్, ఇల్లు, స్కూలు కలిపి మీకు నెలకు 1.45 లక్షలు తప్పనిసరి. ఆరు నెలలకు దాదాపు 9 లక్షలు కావాలి. ఇద్దరి జీతం ఒకేచోటి నుంచి వస్తున్నందున ఇంతకు తగ్గించడానికి నేను ఒప్పుకోను. సిప్ ఆపాలా అని అడిగారు. ఆపండి, స్పెయిన్ కోసం కాదు, దీని కోసం. సిప్ 15 వేలు, కార్డుకు కట్టే 12 వేలు, ఇవన్నీ పోను నెలనెలా లెక్కకు రాకుండా పోతున్న 40 వేలలో నుంచి 13 వేలు, మొత్తం నెలకు 40 వేలు జీతం పడిన రోజే వేరే ఖాతాకు మళ్లించండి. ఎనిమిది నెలల్లో 3 లక్షలు దాటుతుంది. వచ్చే బోనస్ కూడా చేరిస్తే ఏడాదిన్నరలో 9 లక్షలు పూర్తవుతుంది. లక్ష పొదుపు ఖాతాలో, మిగతాది స్వీప్ ఇన్ ఎఫ్‌డీలోనో (పొదుపు ఖాతాకు జోడించిన ఎఫ్‌డీ) లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా తీసుకోగలిగే తక్కువ రిస్కు ఫండ్) ఉంచండి. ఇద్దరిలో ఎవరైనా తీయగలిగేలా ఉండాలి. ఫండ్లలో మిగిలే 2.35 లక్షలను ఈ నిధిలో లెక్కవేయకండి. మార్కెట్ పడిపోయిన రోజుల్లోనే ఉద్యోగాలకూ ముప్పు వస్తుంటుంది.

సొంత ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. అత్తగారికి వేరుగా తీసుకోండి. ఆమెకున్న మధుమేహం లాంటి పాత జబ్బులకు మూడేళ్ల వరకు వేచి ఉండాల్సి రావచ్చు, కాబట్టి ఆలస్యం చేయకండి. టర్మ్ పాలసీ (అచ్చంగా జీవిత బీమా రక్షణ మాత్రమే ఇచ్చేది) ఇద్దరికీ ఉండాలి. ఎన్‌పీఎస్ (పింఛను పథకం) గురించి నిధి పూర్తయ్యాక మాట్లాడుకుందాం. బంగారం తాకట్టు ఊసు వద్దు. సింగపూర్ ప్యాకేజీ మీద టూర్ సంస్థ ముందుగానే వసూలు చేసిన పన్ను (టీసీఎస్) మీ పేరిట జమైన పన్నుల వివరాలుండే 26ఏఎస్‌లో ఉందో లేదో చూసుకుని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోండి.

ప్రయాణాలు మానేయమని నేను అనను. పాపతో కలిసి ఆల్ప్స్ చూడటం మంచి సంగతే. నిధి నిండాక అదే 40 వేలలో కొంత ప్రయాణాల ఖాతాకు మళ్లించి, అందులో ఉన్నంతతోనే వెళ్లండి. సెవిల్, లిస్బన్ హోటళ్లకు ఉచిత రద్దు గడువు ఎప్పటివరకో ఈ రోజే చూసి, అది దాటకముందే రద్దు చేయండి.