గోడ, సరిహద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చెయ్యి బాగా తిరుగుతోంది. కానీ మూడో పేజీలో ‘రాజ్యం అణచివేసింది, వ్యవస్థ కూలింది, సమాజం మేల్కొంది’ అని వరసపెట్టి రాసుకుంటూ పోయావు. ఈ రాజ్యం దేనితో తయారైంది? అది తేల్చుకోకుండా రాజకీయ మార్పు గురించి రాయడానికి తొందరపడకు. దీన్నే తత్వశాస్త్రంలో సోషల్ ఆంటాలజీ అంటారు. డబ్బు, పౌరసత్వం, పదవి, సరిహద్దు ఇవన్నీ ఏ రకంగా ‘ఉన్నాయి’ అన్నదే అందులోని ప్రశ్న.

ఒకానొక కాగితాన్ని డబ్బుగా మనమంతా లెక్కలోకి తీసుకుంటాం కాబట్టే అది డబ్బు అయిందని అమెరికన్ తత్వవేత్త జాన్ సెర్ల్ 1995లో వాదించాడు. అది చదివిన కొత్తల్లో నేను ఉప్పొంగిపోయాను. జనం నమ్మడం మానేస్తే చాలు, ఏ అధికారమైనా పోతుందని రాసేశాను. అది పొరపాటని నాకు తెలియజెప్పింది బెర్లిన్.

1989 నవంబర్ 9 సాయంత్రం. పశ్చిమానికి వెళ్ళడానికి వీలిచ్చే కొత్త ప్రయాణ నిబంధనలు ఎప్పటినుంచి అమలని విలేకరులు అడిగితే, తూర్పు జర్మనీ పార్టీ ప్రతినిధి షబోవ్‌స్కీ చేతిలో కాగితాలు తిరగేసి, తనకు తెలిసినంతవరకూ తక్షణమే అన్నాడు. అసలు అనుకున్నది మర్నాటి నుంచి, అదీ దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి. జనం తూర్పు, పశ్చిమ బెర్లిన్‌లను విడదీసే గోడ వెంట ఉన్న బోర్న్‌హోల్మర్ వీధి గేటు దగ్గరికి పోటెత్తారు. కాపలాదారులు మొదట కొందరిని పంపుతూ వాళ్ళ గుర్తింపు పత్రంలో ఫోటో మీదే ముద్ర కొట్టారు. ఆ ముద్ర పడితే ఇక తిరిగి రానివ్వరు. అది తెలియకుండానే వాళ్ళు నవ్వుతూ దాటారు. ఆ ముద్ర దగ్గర కాసేపు ఆగు. రాజ్యం ఆ క్షణాన ఆ చేతిలో, ఆ సిరాలో ఉంది. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో, పైనుంచి స్పష్టమైన ఆదేశం రాక, అధికారి హరాల్డ్ యేగర్ గేటు తెరిపించాడు. మర్నాడు కాంక్రీటు గోడ అక్కడే ఉంది. సరిహద్దే లేకుండా పోయింది.

నమ్మకం ఆ రాత్రే పోలేదు, ఎన్నడో పోయింది. పక్కవాడు కదలడని, సైనికుడు కాలుస్తాడని ఎవరికి వాళ్ళు వేసుకున్న అంచనాయే గోడను మోసింది. ఒక నెల ముందు, అక్టోబర్ 9న, తూర్పు జర్మనీలోనే లైప్‌జిగ్ నగరంలో డెబ్భై వేలమంది దాకా నిరసనగా నడిచారు. తుపాకులు పేలలేదు. తమలాగే అందరూ విసిగిపోయారని అందరికీ ఒకేసారి తెలిసింది.

అలాగని అంతా యేగర్ ఘనతేనని రాయకు. ఆ గేటు దగ్గర అతన్ని నిలబెట్టిన హోదా, యూనిఫాం అతను పుట్టించినవి కావు. సమాజాన్ని మనుషులు కొత్తగా సృష్టించరని, అందినదాన్ని కొనసాగిస్తారని లేదా మారుస్తారని బ్రిటిష్ తత్వవేత్త రాయ్ భాస్కర్ అన్నది ఇందుకే.

మూడో పేజీ తిరగరాసి పంపు. ‘వ్యవస్థ’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ముద్ర ఎవరు కొట్టారో, వరసలో ఎవరున్నారో, ఎదుటివాడు ఏం చేస్తాడని వాళ్ళనుకున్నారో చూపించు.