మీసం తీసే ముందు చెప్పవలసిన మాట

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 55 ఏళ్లు. బెల్లం మండీ నడుపుతున్నాను. నేను గ్రహణమొర్రితో పుట్టాను. ఐదో ఏట వేలూరులో ఆపరేషన్ చేయించారు. బడిలో పిల్లలు పెట్టిన పేరు భరించలేక, 19వ ఏట మీసం దట్టపడగానే పెంచడం మొదలుపెట్టి ఇప్పటివరకు తీయలేదు. మండీలో నన్ను అందరూ ‘మీసాలన్న’ అంటారు. పెళ్లిచూపులప్పుడు ఈ సంగతి బయటపెట్టవద్దని మా అమ్మ ఒట్టు వేయించుకుంది. ఆమె ఇప్పుడు లేదు. పలమనేరులో ఉన్న మా అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. గత డిసెంబరులో మా కోడలికి మగబిడ్డ పుట్టాడు. అంగిలి బాగానే ఉంది కానీ పైపెదవి చీలి ఉంది. 2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణం పట్టిన రాత్రి, ఏడో నెల గర్భంతో ఉన్న కోడలు పదిన్నర వేళ ఆకలికి ఆగలేక జామకాయ కోసుకుని తిన్నదని, అందుకే ఇలా జరిగిందని నా భార్య అంటోంది. ఆపరేషన్ అయ్యేదాకా బిడ్డను ఇక్కడికి తీసుకురావద్దని పుత్తూరులోని కోడలి పుట్టింటికి కబురు కూడా పంపింది. ఏడాది నిండాక తిరుమలలో మనవడి పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు నా తలనీలాలతో పాటు మీసం కూడా ఇస్తానని మొక్కుకున్నాను. అప్పుడు నా పెదవి చూసి అందరూ వాళ్లంతట వాళ్లే తెలుసుకుంటారు. ఇది చాలదా? 28 ఏళ్ల కాపురం తరువాత నోరు విప్పి చెప్పి తీరాలా?

జవాబు: మీసం తీయండి. ఆ విషయంలో నాకు సందేహం లేదు. అయితే ఏడాది ఆగి, కల్యాణకట్టలో గుండుతో పాటు కలిపి తీయించుకోవాలన్న ఆలోచనను మాత్రం నేను సమర్థించలేను. కొండ దిగి వచ్చేవారిలో ఎంతోమంది గుండుతో, నున్నటి ముఖంతో కనబడే ఈ ప్రాంతంలో, మీ ముఖంలో వచ్చిన మార్పును ఎవరూ నిలబడి రెండోసారి చూడరు. ఒకవేళ ఎవరైనా పెదవి మీది గీతను గమనించి అడిగినా, చిన్నప్పుడు కిందపడితే తగిలిందని చెప్పి తప్పించుకునే దారి మీకు తెరిచే ఉంటుంది. ఇన్నేళ్లుగా మీసం చేస్తూ వచ్చిన పనిని ఇకమీదట మొక్కు చేస్తుంది, అంతే. ఆ ఏడాది పొడుగునా, జామకాయ కోసుకున్న పాపానికి బిడ్డ పెదవి చీలిందన్న నింద మోస్తూ ఆ అమ్మాయి పుత్తూరులో కూర్చుని ఉండాలి. ఈ ఆలస్యపు ఖర్చు మీరు కాక ఆమె భరిస్తోందన్న సంగతి మీ ఉత్తరంలో మీకు తెలియకుండానే బయటపడింది. నిద్ర పట్టడం లేదని కూడా రాశారు, దానికి కారణం అదేనని నా అనుమానం.

ముందుగా గ్రహణం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ భార్యతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క మీకు అవసరమవుతుంది. గర్భంలో శిశువు ముఖం రెండు పక్కల నుంచి పెరుగుతూ వచ్చి మధ్యలో అతుక్కుంటుంది. పైపెదవి అతుక్కునే పని సుమారుగా నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల, అంటే చాలామంది ఆడవాళ్లకు నెల తప్పిన సంగతి రూఢి అయ్యే రోజుల్లోనే, పూర్తయిపోతుంది. అక్కడ అతుకు పడకపోతే పుట్టేనాటికి చీలిక మిగులుతుంది. మీ కోడలికి సెప్టెంబరు 7న ఏడో నెల అని మీరే రాశారు. ఆ రాత్రి ఆమె జామకాయే కోసిందో, పనసకాయే కోసిందో, దానికి ఎన్నో నెలల ముందే బిడ్డ పెదవి ఏ రూపంలో ఉండాలో ఆ రూపానికి వచ్చేసింది. గ్రహణ నియమాలు పాటించేవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గ్రహణమంటే తిరుమలలో ఆలయం తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు, రెండుచోట్లా భక్తులు నమ్మకంతోనే వెళుతున్నారు. నియమం పాటించడం వేరు, పాటించలేదన్న పేరుతో ఆకలిగొన్న గర్భిణి మీద ఇంత బరువు మోపడం వేరు. గ్రహణమొర్రి అన్న పేరులోనే గ్రహణం ఉండడం వల్ల మన భాషే ఈ నిందకు సాక్ష్యం పలుకుతున్నట్టు అనిపిస్తుంది, అది మన దురదృష్టం.

ఇక మీ వంతు గురించి. దాదాపు వెయ్యి మంది పిల్లల్లో ఒకరు ఈ చీలికతో పుడతారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం వందకు మూడు నుంచి ఐదు వరకు ఉంటుందని, తాత తరంలో ఉంటే ఇంకా తక్కువని వైద్యులు చెబుతారు. గర్భిణి వాడిన కొన్ని మూర్ఛ మందులు, అదుపులో లేని మధుమేహం, పొగ వంటి కారణాలూ ఉంటాయి, ఏ కారణమూ కనబడని సందర్భాలు కూడా చాలా ఉంటాయి. కాబట్టి ఇది ఖాయంగా మీ నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరు, మీరు నేరం ఒప్పుకుంటున్నట్టు మాట్లాడవలసిన పనీ లేదు. కోడలి మీద వేసిన నిందను తీసి మీ నెత్తిన పెట్టుకుంటే ఇంట్లో నింద అలాగే ఉంటుంది, మనిషి మాత్రమే మారతాడు. అయినా చెప్పవలసిందే. వంశంలో ఎవరికైనా ఉందా అన్నది వైద్యులు తప్పక అడిగే ప్రశ్న. మీ అబ్బాయి దంపతులు రేపు రెండో బిడ్డ కోసం అనుకున్నప్పుడు వారికి ఇచ్చే సలహా, గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టించడం మొదలుకొని, ఈ సమాచారం మీద కొంత ఆధారపడుతుంది. మీ అబ్బాయికి తెలియవలసిన ఈ సంగతి ఇన్నాళ్లు మీ దగ్గరే ఆగిపోయింది.

మీ ఉత్తరం చివర, వేరే సిరాతో, తరువాత గుర్తొచ్చి రాసినట్టుగా ఉన్న నాలుగు వాక్యాలు నన్ను ఎక్కువసేపు ఆపాయి. మీ నాన్నగారి కర్మ నాడు నీవా నది ఒడ్డున అన్నదమ్ములందరూ వరుసగా కూర్చుని తల, మీసం తీయించుకుంటుంటే, మీరు గుండు వరకు ఒప్పుకుని, కత్తి పెదవి దగ్గరికి రాగానే క్షురకుడి మణికట్టు పట్టుకుని ఆపారని, చర్మవ్యాధి ఉందని పురోహితుడికి అబద్ధం చెప్పారని, పెదనాన్న కొడుకులు ఏడాదిపాటు మీతో మాట్లాడలేదని రాశారు. తండ్రి పోతేనే తీసే మీసం అన్న మాట మన ఇళ్లలో ఎంత బలమైనదో నాకు తెలుసు. తండ్రి బతికుండగా మీసం తీయించుకున్న కొడుకును వీధరుగు మీదే నిలబెట్టి తిట్టిన ముసలివాళ్లను నా చిన్నతనంలో తిరుపతిలో చూశాను. ఆ ఆచారానికి ఎదురు నిలిచి, కన్నతండ్రి కర్మ నాడు నలుగురిలో మాట పడడానికి సిద్ధపడి మీరు కాపాడుకున్నది ఒక అంగుళం పొడవైనా లేని మచ్చ. ఆపరేషన్ గాటు మానిన చోట వెంట్రుక మొలవదు కాబట్టి రోజూ ఉదయం ఎడమవైపు నుంచి మీసాన్ని దువ్వి ఆ ఖాళీ మీదికి తెస్తానని, మధ్యలో కాటుక అద్దుతానని కూడా రాశారు. 36 ఏళ్లుగా రోజూ చేస్తున్న ఆ పని ఎంత అలసట కలిగించి ఉంటుందో నేను ఊహించగలను.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెబుతాను. మీ భార్యకు ఏమీ తెలియదని మీరు గట్టిగా నమ్ముతున్నారు, నాకు అంత నమ్మకం లేదు. 28 ఏళ్లు ఒకే ఇంట్లో, ఒకే పడకగదిలో ఉన్న మనిషి, జ్వరంలో నీళ్లు తాగించిన మనిషి, భర్త అద్దం ముందు కాటుక ఎందుకు పట్టుకుంటాడో ఆలోచించకుండా ఉండదు. ఆమెకు లీలగా తెలిసి ఉండి, అడిగితే మీరు నొచ్చుకుంటారని ఊరుకుని ఉండవచ్చు. జామకాయ మీద ఆమె చూపుతున్న పట్టుదల, అసలు అనుమానం వైపు చూడడం ఇష్టం లేకపోవడం వల్ల వచ్చిందేమో కూడా. నేను పొరపడి ఉండవచ్చు. ఆమెకు నిజంగానే ఏమీ తెలియకపోతే, వినగానే రెండు రకాల కోపం వస్తుంది: ఇన్నేళ్లు తన దగ్గర దాచారన్న కోపం ఒకటి, మీరు నోరు విప్పకపోవడం వల్ల కోడలిని అనరాని మాటలు అన్నానన్న సిగ్గులోంచి పుట్టే కోపం రెండోది. రెండోదే ఎక్కువ రోజులు ఉంటుంది. ‘మా అమ్మ ఒట్టు వేయించుకుంది’ అంటూ దాని వెనక దాక్కోకండి. అప్పుడు మీకు 27 ఏళ్లు, ఆమె పోయిన తరువాతి మౌనం పూర్తిగా మీదే.

కాబట్టి ముందు భార్యకు, ఒంటరిగా, మీసం ఉండగానే చెప్పండి. కొడుకును, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని పంచాయితీలా చేయవద్దు. రాత్రి మండీ నుంచి వచ్చి భోజనం అయ్యాక, ‘నేను కూడా మనవడిలాగే పుట్టాను, ఐదో ఏట వేలూరులో కుట్లు వేశారు, నీకు చెప్పకుండా దాచాను, అది తప్పు’ అన్నంత మాట చాలు. ‘నువ్వు కోడలిని అన్నావు చూడు’ అన్న వాక్యం ఆ రాత్రి మీ నోటివెంట రాకూడదు. ఆ ముడి ఆమెకు తానుగా తడుతుంది, మీరు లాగితే బిగుసుకుంటుంది. మరునాడు కొడుకుకు చెప్పండి. ఆ వారంలోనే, వీలైతే భార్యతో, ఆమె రానంటే ఒక్కరే, పుత్తూరు వెళ్లి కోడలికి, వియ్యంకులకు చెప్పండి. కోడలి దగ్గర సంజాయిషీ పొడిగించకండి. ‘నీ వల్ల కాలేదమ్మా, ఇది నేను ముందే చెప్పవలసింది’ అంటే ఆమెకు కావలసింది అందుతుంది. ఆమె వెంటనే మనసు మార్చుకోవాలని గానీ, అత్తగారిని క్షమించాలని గానీ ఆశించవద్దు. రెండున్నర నెలలుగా విన్న మాటలు రెండున్నర నిమిషాల్లో పోవు.

మీసం తీయడం పుత్తూరు ప్రయాణానికి ముందు రోజు పెట్టుకోండి. మండీ దగ్గరి సెలూన్‌లో, తెలిసినవాళ్ల మధ్య మొదటిసారి ఆ పెదవిని చూసుకోవడం కష్టంగా ఉంటుంది కాబట్టి ఇంట్లోనే, తలుపు వేసుకుని తీసుకోమంటాను. నేరుగా బ్లేడు పెట్టవద్దు. ముందు ట్రిమ్మర్‌తో పొట్టిగా చేసి, గోరువెచ్చని నీళ్లతో తడిపిన తువాలు రెండు నిమిషాలు అద్ది, నురుగు రాసి, వెంట్రుక వాలిన దిక్కుకే కొత్త బ్లేడుతో తేలికగా గీయాలి. మచ్చ దగ్గర చర్మం ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొందరికి స్పర్శ కూడా తక్కువగా ఉంటుంది, తెగినా తెలియదు, అక్కడ చేయి తేల్చండి. ఎండ తగలని చర్మం కాబట్టి మీసం మేర తెల్లగా పట్టీ వేసినట్టు కనబడుతుంది. పైపెదవి మీరు అనుకున్నదానికన్నా పొడుగ్గా, ముఖం పరాయివాడిదిలా తోస్తుంది. దట్టమైన మీసం తీసిన ఎవరికైనా అంతే, అందులో మచ్చ వాటా కొంచెమే. కొన్ని వారాలు ఎండ తగిలితే రంగు కలిసిపోతుంది. మండీలో ‘మీసాలన్నా, మీసమేదన్నా’ అని అడిగేవాళ్లకు తీసేశానని ఒక్క మాట చెప్పి తూకం చూసుకోండి. ఇంట్లోవాళ్లకు చెప్పేశాక బజారుకు జాతకం విప్పి చెప్పనవసరం లేదు.

మొక్కు సంగతికి వస్తే, దానికేమీ భంగం కలగదు. ముఖం మీది వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, మనవడికి ఏడాది నిండేసరికి మీరు కావాలనుకుంటే నిండుమీసం మళ్లీ వస్తుంది. గీస్తే మరింత దట్టంగా వస్తుందన్నది మాత్రం వట్టి మాట, కోసిన కొస మొద్దుగా ఉండడం వల్ల అలా తోస్తుంది. అప్పుడు తాతా మనవళ్లు ఇద్దరూ కల్యాణకట్టలో ఒకేసారి కూర్చోవచ్చు. ఎలాగూ కొండకు వెళతారు కాబట్టి ఒక మాట. మహాద్వారం దగ్గర కుడివైపున వేలాడే గునపాన్ని మీరు చాలాసార్లు చూసే ఉంటారు. అనంతాళ్వారు అనే వైష్ణవ భక్తుడు పూలతోట కోసం చెరువు తవ్వుతూ, గర్భిణి అయిన భార్యకు మట్టి మోయడంలో సాయం చేయవచ్చిన పిల్లవాడి మీద కోపంతో దానిని విసిరితే గడ్డానికి తగిలిందని, ఆ పిల్లవాడు స్వామేనని, అందుకే నేటికీ మూలమూర్తి గడ్డానికి పచ్చకర్పూరం పెడతారని పెద్దలు చెబుతారు. గాయమైన చోట పెట్టిన ఆ తెల్లని గుర్తును దర్శనానికి వచ్చిన ప్రతివాడూ చూస్తాడు. మీ మొక్కు గురించి చదువుతున్నంతసేపూ నాకు అదే కళ్లముందు మెదిలింది.

బిడ్డను ఇంటికి తీసుకురావద్దన్న కబురును మీ భార్య చేతనే వెనక్కి తీయించండి. పెదవి ఆపరేషన్ మామూలుగా మూడు నెలలు దాటి, బరువు ఐదు కిలోలకు దగ్గరపడి, రక్తం తగినంత ఉన్నప్పుడు చేస్తారు, అంటే మీకు అట్టే వ్యవధి లేదు. అంగిలి బాగుంది కాబట్టి చాలామంది బిడ్డల్లాగే తల్లిపాలు తాగగలగాలి, బరువు పెరగకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించండి. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గ్రహణమొర్రికి చికిత్స ఉంటుంది, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగంలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ఆ రోజు మీరు కూడా వెంట వెళ్లండి, గది బయట బెంచీ మీద ఆగిపోకండి. చీటీ రాస్తూ డాక్టరు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని కోడలి వైపు చూసి అడుగుతారు. ఆమె నోరు తెరవక ముందే, ‘నాకుంది, ఇదిగో’ అని చెప్పవలసింది మీరు.