'ట్రెస్‌పాసెస్' అన్నంతకాలం నాకే ఇబ్బందీ లేదు

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో పెరుగుతున్న మీ పిల్లలకు ఇంగ్లీషే బాగా వచ్చు, మీకూ ఇంగ్లీషు బైబిలే తేలిగ్గా అర్థమవుతుంది, తెలుగు బైబిలేమో పాతకాలపు గ్రాంథికం. అలాంటప్పుడు పనిగట్టుకుని తెలుగులో వాక్యం, అంటే బైబిలు మాట, వింటే ఒరిగేదేమిటి, ఊరి మీద బెంగ తీరడం తప్ప?

నేనూ ఎనిమిదేళ్లు అచ్చం ఇలాగే అనుకున్నానండి. అందుకే వాదన జోలికి పోకుండా నాకు జరిగింది చెబుతాను.

మాది చీరాల దగ్గర పల్లె. 2011లో ఉద్యోగానికి ఇక్కడికొచ్చాక ఇంటికి దగ్గరగా ఉందని ఒక ఇంగ్లీషు సంఘంలో (చర్చిలో) చేరాం. పాటలు బాగుండేవి, ప్రసంగం అరగంటలో అయిపోయేది, బండి పెట్టుకోడానికి చోటుండేది (నవ్వకండి, ఈ ఊళ్లో అది చిన్న విషయం కాదు). ప్రతి ఆదివారం అందరం కలిసి పరలోక ప్రార్థన, అంటే యేసు నేర్పిన ప్రార్థన, చెప్పేవాళ్లం. 'ఫర్గివ్ అస్ అవర్ ట్రెస్‌పాసెస్' (మా అతిక్రమాలు క్షమించు) అని, మా పట్ల అతిక్రమించినవాళ్లను మేం క్షమించినట్టే అని నేనూ అనేవాణ్ణి. ట్రెస్‌పాస్ అనగానే నాకు గుర్తొచ్చేది ఇక్కడి ఖాళీ సైట్లలో పాతిన బోర్డులే: ఈ స్థలం అమ్మకానికి లేదు, లోపలికొస్తే కేసు పెడతాం అని. నేను ఎవరి సైటులోకీ దూరలేదు. నాకంటూ సైటే లేదు కాబట్టి నా దాంట్లోకి దూరినవాళ్లూ లేరు. ఆ మాట ప్రతి వారం నన్ను తాకకుండా పక్కనుంచి వెళ్లిపోయేది.

2019లో మోకాలి ఆపరేషన్ కోసం అమ్మ వచ్చి మా దగ్గరుంది. అమ్మకు చదువు రాదు, బైబిలంతా చెవిన పడిందే. రెండు ఆదివారాలు మాతో ఇంగ్లీషు ఆరాధనకు వచ్చింది. మూడోసారి "మీరెళ్లి రండి నాయనా, నాకు మెట్లు ఎక్కడం కష్టం" అంది. అక్కడ మెట్లే లేవు! సరేనని మారతహళ్లి వైపు ఒక అద్దె హాల్లో మధ్యాహ్నం పూట జరిగే తెలుగు ఆరాధనకు తీసుకెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలు, చెవులు గింగురుమనే మైకు. అపార్ట్‌మెంట్లు కట్టే మేస్త్రీలు, వాచ్‌మన్ల కుటుంబాలు, మధ్యమధ్యలో నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు. పరలోక ప్రార్థన మొదలైంది. 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము' అనే దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగిపోయింది.

చిన్నప్పుడు వందల సార్లు వల్లించిందే. కానీ అప్పట్లో నాకు ఋణస్థులెవరూ లేరు. ఇప్పుడున్నాడు. మా తమ్ముడు. రొయ్యల చెరువు వేస్తానని లక్షా ఎనభై వేలు తీసుకున్నాడు, చెరువుకు వైరస్ తగిలి మొత్తం పోయింది, ఫోన్లు ఎత్తడం మానేశాడు. నేనూ నాలుగు మాటలు అనకూడనివి అన్నాను. ఆ తర్వాత రెండేళ్లుగా మాటల్లేవు. అమ్మ నా పక్కనే కూర్చుని ఆ వాక్యం అందరికంటే గట్టిగా చెప్పింది. నా వైపు చూడలేదు. చూసుంటేనే నయం.

ఇంటికొచ్చి రెండు భాషల బైబిళ్లూ ముందు పెట్టుకున్నాను. న్యాయంగా చెప్పాలంటే తప్పు ఇంగ్లీషుది కాదు. ఆ ప్రార్థన ఉన్న మత్తయి సువార్త 6:12లో చాలా ఇంగ్లీషు అనువాదాల్లో కూడా 'డెట్స్' అనే ఉంది, గ్రీకులో ఉన్న మాటకు అర్థం అప్పే. 'ట్రెస్‌పాసెస్' ఆంగ్లికన్ సంఘాల ప్రార్థన పుస్తకం వల్ల ఆరాధనలో పాతుకుపోయిన మాట. కానీ 'డెట్స్' అని ఉన్నా నేను హోమ్ లోన్ గురించి ఆలోచించి ఊరుకునేవాణ్ణేమో. తెలుగులో ఋణం అంటే డబ్బొక్కటే కాదు కదా. 'ఏనాటి ఋణమో' అంటాం, 'ఋణానుబంధం' అంటాం, 'నీ ఋణం తీర్చుకోలేను' అంటాం. బాకీకీ బంధానికీ ఒకటే మాట. తమ్ముడి విషయంలో నేను ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని తెంపేసుకున్నానని ఆ ఒక్క మాట చెప్పేసింది.

సొంత భాషలో వాక్యం వింటే తియ్యగా ఉంటుందని చాలామంది అంటారు. నాకు తియ్యగా లేదు, గుచ్చుకుంది. నాకు ఇంగ్లీషు ఆఫీసు భాష. అందులో ఏ కాగితం ఇచ్చినా చదివి, తలూపి, 'ఐ అగ్రీ' నొక్కేసి ముందుకెళ్లడం అలవాటైపోయింది. వాక్యాన్నీ అలాగే నొక్కేస్తూ వచ్చాను. బైబిల్లో నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం చూడండి. మోషే ధర్మశాస్త్రాన్ని యూదు జనానికి స్పష్టంగా చదివి వినిపించి అర్థం చెప్పారు. అర్థమయ్యాక వాళ్లు మొదట చేసిన పని ఏడవడం. ఏడవొద్దని నాయకులే ఓదార్చాల్సి వచ్చింది.

ఇక గ్రాంథికం సంగతి. నిజమే, ఎవరింట్లోనూ ఎవరూ 'పరుండజేయుచున్నాడు' అనరు. సువార్తలు (యేసు జీవితం చెప్పే పుస్తకాలు) తెలుగులో మొదట అచ్చయింది 1812లో, మత్తయి, మార్కు, లూకా. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది దాదాపు వందేళ్ల తర్వాత. సంఘాల్లో ఇప్పటికీ ఎక్కువగా వినబడేది ఆ పాత ధోరణి తెలుగే. మా అమ్మాయికి 23వ కీర్తన వినిపిస్తే 'నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును' దగ్గర ఆపి, "దేవుడి దగ్గర డబ్బుల కర్ర ఉంటుందా?" అని అడిగింది. బెంగళూరు పిల్ల కదా, కన్నడంలో దుడ్డు అంటే డబ్బు! అమ్మ పొట్ట పట్టుకుని నవ్వి, గొర్రెలు కాసేవాళ్లు భుజాన వేసుకునే లావు కర్ర గురించి, వాళ్లు నక్కల్ని ఎలా అదిలించేవాళ్లో అరగంట చెప్పింది. ఆ కీర్తన మా అమ్మాయికి ఇంగ్లీషులో సండే స్కూల్ నుంచే కంఠతా వచ్చు. కర్ర గురించి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

సువార్తలు గ్రీకులో రాసినవే అయినా, చనిపోయిన చిన్నపిల్లను లేపేటప్పుడు యేసు అన్న మాటను మార్కు ఆయన మాట్లాడిన అరామిక్‌లోనే ఉంచేశాడు: తలీతాకుమీ. చిన్నదానా, లెమ్ము అని పక్కనే అర్థం చెప్పాడు. అమ్మ మా దగ్గర ఉన్నన్నాళ్లూ మా పిల్లను స్కూలుకు లేపింది "చిన్నదానా, లే" అనే.

మీకు నేను చెప్పేది, ఇంగ్లీషు సంఘం మానేయకండి. పిల్లల స్నేహితులు అక్కడున్నారు, మేమూ మానలేదు. ఇంట్లో తెలుగు ఆడియో బైబిలు పెట్టండి, మార్కు సువార్తతో మొదలుపెట్టండి, రోజుకో అధ్యాయం చొప్పున పదహారు రోజులు. భోజనాల దగ్గరైతే మంచిది, పిల్లలు అర్థం కాని మాట అడుగుతారు. పాత తెలుగు బొత్తిగా కొరుకుడు పడకపోతే వాడుక భాషలో వచ్చిన అనువాదాలున్నాయి. నేను మాత్రం పాతదే వింటాను. పెద్దవాళ్లెవరైనా ఇంట్లో ఉంటే వాళ్ల పక్కన కూర్చుని వినండి, సగం వ్యాఖ్యానం అక్కడే దొరుకుతుంది.

తమ్ముడి సంగతంటారా, ఆ ఆదివారమే ఫోన్ చేసేంత మంచివాణ్ణి కాదు. నాలుగు నెలలు పట్టింది. ఆ క్రిస్మస్‌కి అరిసెల డబ్బాతో కేఆర్ పురం స్టేషన్లో దిగాడు. డబ్బు మాట నేను ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. అమ్మ మాత్రం వాడు చెయ్యి కడుక్కుని వచ్చేలోపే ఎత్తింది.