గజ్జలో ఉబ్బు: కెమెరా ఆపరేషనా, కోత ఆపరేషనా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు, 12 కిలోలున్నాడు. ఏడ్చినా ముక్కినా కుడి గజ్జలో ఉబ్బు వస్తుంది, పడుకోబెడితే పోతుంది. హెర్నియా అన్నారు. బరంపురంలో కోసి చేస్తామన్నారు. విశాఖలో అయితే లేజర్‌తో చేస్తారని, నొప్పే ఉండదని చుట్టాలు చెబుతున్నారు. మా మామగారికి ఇదే జబ్బుకి జాలీ (వలలాంటి పట్టీ) వేశారు, బాబుకీ వేస్తారా? ఐదేళ్లు నిండాక చూద్దామంటున్నారు మా అత్తగారు.
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: ముందుగా, ఇందులో లేజర్ ఏమీ ఉండదు. మీ చుట్టాలు చెబుతున్నది ల్యాప్రోస్కోపీ గురించి, అంటే కెమెరా ఆపరేషన్. జాలీ కూడా అక్కర్లేదు. మీ మామగారి వయసులో పొట్టగోడ కండ సడలి హెర్నియా వస్తుంది, అందుకే జాలీతో బలం ఇస్తారు. పిల్లల్లో కండ బాగానే ఉంటుంది. మగబిడ్డ తల్లి కడుపులో ఉండగా బీజం (వృషణం) పొట్టలోంచి కిందికి దిగుతుంది. దాని వెంట పొట్ట లోపలి పొర కూడా సన్నని సంచిలా జారుతుంది. ఆ సంచి తర్వాత మూసుకుపోవాలి. మూసుకోకపోతే పేగు అందులోకి జారుతుంది. సంచి మెడను బిగించి కట్టేయడమే ఆపరేషన్. రెండు పద్ధతుల్లోనూ జరిగేది ఇదే, తేడా అక్కడికి చేరే దారిలో ఉంది.

కోత పద్ధతిలో గజ్జ ముడతలోనే సుమారు 2 సెంటీమీటర్లు కోస్తారు. సంచిని వీర్యనాళం నుంచి, రక్తనాళాల నుంచి జాగ్రత్తగా విడదీసి, పైన మెడ దగ్గర కడతారు. అనుభవం ఉన్న చేతిలో ఒక పక్కకు అరగంట పని. కష్టమంతా ఆ విడదీయడంలోనే. వీర్యనాళం దారం పోగంత సన్నగా ఉంటుంది. దాన్ని నలిపినా, బీజానికి వెళ్లే రక్తం తగ్గినా నష్టం తర్వాతెప్పుడో బయటపడుతుంది.

కెమెరా పద్ధతిలో బొడ్డు దగ్గర 3 నుంచి 5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను కొంచెం ఉబ్బించి, సంచి నోటి చుట్టూ లోపలి నుంచే దారం తిప్పి ముడి వేస్తారు. నాళాలను అంతగా కదపరు. పైగా ఎడమ పక్క దారి తెరిచి ఉందో లేదో అప్పుడే కనిపిస్తుంది. అలా తెరిచి ఉన్న ప్రతిదీ హెర్నియాగా మారదు కాబట్టి, దాన్ని కూడా మూయాలా వద్దా అన్నదానిపై సర్జన్లలోనే రెండు మాటలున్నాయి. ముందే అడిగి తెలుసుకోండి. ఇక ఇబ్బందులు: నాళాలకు గుచ్చుకుంటుందేమోనని వాటి మీద దారం వేయకుండా కొంచెం జాగా వదిలితే అక్కడి నుంచే హెర్నియా తిరిగి వస్తుంది. గ్యాస్ నింపుతారు కాబట్టి గొంతులో గొట్టం వేసి పూర్తి మత్తు ఇవ్వాల్సిందే.

నొప్పి తేడా చాలామంది అనుకున్నంత ఉండదు. మచ్చ సంగతికొస్తే, గజ్జ మడతలో గీత నిక్కరు కింద కనిపించనే కనిపించదు. ఒక పక్క హెర్నియా ఉన్న మగపిల్లాడికి, రోజూ పిల్లలకు చేసే సర్జన్ దగ్గరైతే కోత ఏ రకంగానూ తక్కువ కాదు. రెండు పక్కలా ఉన్నా, ఒకసారి కోసి చేశాక తిరిగి వచ్చినా కెమెరాకు మొగ్గుంటుంది. మీ బాబు విషయంలో కెమెరా కోసమని విశాఖ పరుగెత్తనక్కర్లేదు. బరంపురం సర్జన్ గారిని రెండు ప్రశ్నలు అడగండి: పిల్లలకు ఇది తరచూ చేస్తారా? మత్తు డాక్టరుకు పసిపిల్లల అలవాటుందా?

అత్తగారి మాట మాత్రం ఇక్కడ వినకండి. గజ్జ హెర్నియా దానంతట అది మూసుకోదు, బెల్టుతోనూ తగ్గదు. ఆపరేషన్ లోపు ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, ముట్టుకుంటే ఏడ్చినా, ఆకుపచ్చ రంగు వాంతి అయినా తాగడానికి ఏమీ ఇవ్వకుండా వెంటనే పెద్దాసుపత్రికి బయలుదేరండి. ఇంట్లో గట్టిగా నొక్కకండి.

ఇంటికొచ్చాక పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, అంటే మీ వాడికి 180. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా ఇవ్వాలి. 5 మిల్లీలీటర్లలో 125 ఉన్న సీసా అయితే 7.2 మిల్లీలీటర్లు, 250 ఉన్నదైతే 3.6. రెండు సీసాలూ ఒకేలా ఉంటాయి. మోతాదులో పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి, లేబుల్ చూసి పోయండి. బీజాల సంచి కొన్ని రోజులు వాచి ఉంటే కంగారొద్దు. జ్వరం, కుట్టు దగ్గర ఎరుపు, చీము కనిపిస్తే చూపించాలి.

ప్రశ్న: మా పాపకు ఎనిమిది నెలలు. బొడ్డు ఉబ్బి ఉంది. రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టాం. ఆపరేషన్ కావాలా?
– గుణుపురం

జవాబు: బిళ్ల తీసేయండి. కింద చర్మం ఒరిసి పుండవుతుంది, చీము పడుతుంది, రంధ్రం మాత్రం మూసుకోదు. బొడ్డు హెర్నియా వేరు, గజ్జ హెర్నియా వేరు. బొడ్డుది చాలామందిలో నాలుగైదేళ్లలోపు దానంతటదే మూసుకుంటుంది, ఈలోగా నొప్పి, గట్టిదనం వస్తే తప్ప తొందర లేదు. ఆడపిల్లకు గజ్జలో చిక్కుడు గింజంత గట్టి ముద్ద తగిలితే మాత్రం ఆగొద్దు. అది సంచిలోకి జారిన అండాశయం కావచ్చు. నొక్కకుండా ఆ రోజే చూపించండి.

ప్రశ్న: నెలలు నిండకుండా పుట్టిన బాబు. ఇప్పుడు రెండు నెలలు, రెండు గజ్జల్లోనూ హెర్నియా. ఎలా చేయించాలి?
– రాయగడ

జవాబు: ఇలాంటి బిడ్డల్లో పేగు ఇరుక్కునే ముప్పు చాలా ఎక్కువ, తేలిగ్గా తీసుకోవద్దు. అయితే మత్తు తర్వాత శ్వాస ఉండుండి ఆగే ప్రమాదం కూడా ఉంది. అందుకే నవజాత శిశువుల ఐసీయూ ఉన్నచోటే చేయించాలి, రాత్రంతా మానిటర్ మీద ఉంచాలి. రెండు పక్కలా ఉన్నా ఇక్కడ కోతకే ఒక లాభం ఉంది: నడుములో ఇంజెక్షన్‌తో, గొట్టం లేకుండా చేయొచ్చు. తల్లిపాలు ఆపరేషన్‌కు నాలుగు గంటల ముందు ఆపితే చాలు, డబ్బా పాలైతే ఆరు గంటలు. రాత్రంతా కడుపు మాడ్చి తీసుకురాకండి.