స్లాబు కారుతోంది, అగ్రిమెంటు లేదు: దావా నిలుస్తుందా?

ప్రశ్న: తెనాలి దగ్గర పల్లెటూరు మాది. అమ్మ నగలు అమ్మి రెండు గదుల డాబా వేయించుకున్నాం. మెటీరియల్‌తో సహా 9 లక్షలకు మేస్త్రీ నోటిమాటగా ఒప్పుకున్నాడు, డబ్బంతా బ్యాంకు ద్వారా ఇచ్చేశాం. పని గురించి వాట్సాప్‌లో సందేశాలు కూడా పంపాడు. 2024 జులైలో తొలి వానకే స్లాబు కారింది. అప్పటి నుంచి ‘ఇదిగో చేయిస్తా’ అంటూ తిప్పుతున్నాడు. పాత స్టాంపు పేపరు సంపాదించి వెనక తేదీతో అగ్రిమెంటు రాసుకోమని ఒకరు చెప్పారు. రాసుకోవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: రాసుకోకూడదు. కోర్టులో వాడడానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పైగా అది బయటపడిన రోజున మీ నిజమైన ఫిర్యాదును కూడా ఎవరూ నమ్మరు. ఆ కాగితం మీకు అవసరమే లేదు. ఇలాంటి ఒప్పందం నోటిమాటగా జరిగినా చెల్లుతుంది. మీ బ్యాంకు స్టేట్‌మెంటు, అతని వాట్సాప్ సందేశాలు దానికి రుజువు. ఆ ఫోను మార్చకండి, సందేశాలు చెరపకండి. కోర్టులో దాఖలు చేసేటప్పుడు వాటికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం) జతచేయాలి.

కేసును తేల్చేది స్లాబు ఎందుకు కారుతోందన్న అంశం ఒక్కటే. ‘ఇంటివాళ్లు సరిగా నీళ్లు పట్టలేదు’ అని మేస్త్రీ తప్పకుండా అంటాడు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) వంటివి కలిసిన సిమెంటయితే 10 రోజులు స్లాబును తడిగా ఉంచాలి. ఆ పని ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు చేశారో చెప్పగల సాక్షులు కావాలి. ఇనుప చువ్వల కింద ఎడం కోసం పెట్టే కవరు బ్లాకులు లేకుండా కాంక్రీటు పోశారా, కాంక్రీటును అదిరించి గట్టిగా సర్దే వైబ్రేటరు వాడక లోపల డొల్లలు మిగిలాయా అన్నది సివిల్ ఇంజినీరు పరీక్షించి, ఫొటోలతో రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు లేకుండా దావా వేస్తే మీ మాటకు అతని మాట పోటీ అవుతుంది, అంతే.

నోటి హామీలు నమ్మి ఇంతకాలం ఊరుకోవడం మీ పొరపాటు; వాటివల్ల కేసు వేసే గడువు ఒక్క రోజు కూడా పెరగదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షను ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, అంటే మీకు 2026 జులై వరకే. సివిల్ కోర్టులో మూడేళ్లు ఉన్నా, ఆ లెక్క వాన కురిసిన రోజు నుంచి కాదు, ఒప్పందాన్ని ఉల్లంఘించిన రోజు నుంచి మొదలవుతుంది.

ముందుగా ఇంజినీరును పిలిపించండి. రిపోర్టు చేతికి రాగానే 15 రోజుల గడువిస్తూ మేస్త్రీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించి, అతను కదలకపోతే గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి ఫీజు 200 రూపాయలే. రిపోర్టు రాకముందే వాటర్‌ప్రూఫింగు చేయిస్తే ఉన్న సాక్ష్యం మీ చేతులారా పూడ్చేసినట్టే. అందాకా వానకు టార్పాలిన్ కప్పుకోండి.