నాయన నొప్పి, మార్ఫిన్ భయం

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర ఒక పల్లె. మా నాయనకు 68 ఏళ్లు. క్లోమ గ్రంథిలో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకిందనీ, ఇక కీమోతో ప్రయోజనం ఉండదనీ చెప్పి, 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకటి వేయమని రాసిచ్చి, మమ్మల్ని ఇంటికి పంపారు. మార్ఫిన్ వేస్తే ప్రాణం తొందరగా పోతుందని బంధువులు భయపెట్టడంతో, మరీ భరించలేనప్పుడు మాత్రమే రోజుకు ఒకటో రెండో వేస్తున్నాం. అన్నం దాదాపు మానేశారు. రోజూ సెలైన్ ఎక్కించాలని మా చిన్నాయన పట్టుబడుతున్నారు. జబ్బు పేరు నాయనకు ఇంతవరకూ చెప్పలేదు, "నాకేమైందిరా?" అని రెండుసార్లు అడిగారు. మేం చేస్తున్నది సరైనదేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టిన విషయం, మాత్రలు ఇంట్లోనే ఉండి కూడా మీ నాయన నొప్పి అనుభవిస్తూ ఉండడం. ముందు దాన్ని సరిచేసుకోండి.

నోటితో వేసుకునే మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం దాదాపు నాలుగు గంటలే ఉంటుంది కాబట్టి, దాన్ని గడియారం చూసి వేయాలి తప్ప మనిషి మూలుగు విని వేయకూడదు. నొప్పి ముదిరాక వేసిన మాత్ర పనిచేయడానికి అరగంటో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ అరగంట ఆయన పళ్లు బిగబట్టుకుని గడపాలి, పైగా ముదిరిన నొప్పిని దించడానికి ఎక్కువ మందు కావలసి వస్తుంది. రాత్రి నిద్ర లేపకుండా ఉండేందుకు పడుకునే ముందు రెట్టింపు మోతాదు ఇవ్వవచ్చా, మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా ఎంత వేయాలి అనే రెండు విషయాలు మీ డాక్టరును అడిగి రాయించుకోండి. ఒక నోటు పుస్తకంలో మాత్ర వేసిన వేళ, నొప్పి పదింట ఎంత ఉందని ఆయన చెప్పారో ఆ అంకె రాస్తూ పోతే, మోతాదు పెంచాలో వద్దో డాక్టరు ఆ పేజీ చూసి నిర్ణయించగలుగుతారు.

మీ బంధువుల భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన దగ్గర మార్ఫిన్‌ను చివరి వారంలో, అదీ అన్ని దారులూ మూసుకుపోయాక మొదలుపెడతారు. వారం తిరగకుండానే మనిషి పోతే, జబ్బు మీద పడవలసిన నింద మాత్ర మీద పడుతుంది. నొప్పికి తగిన మోతాదులో, కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చిన మార్ఫిన్ ప్రాణం తీయదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉండవచ్చు, వికారం రావచ్చు. రెండూ చాలావరకు తగ్గిపోతాయి. తగ్గకుండా ఉండేది మలబద్ధకం ఒక్కటే, అందుకే మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఇవ్వాలి. మీ చీటీలో అది లేకపోతే ఈరోజే అడగండి. మూత్రం బాగా తగ్గినా, ఒళ్లు ఉలిక్కిపడుతున్నట్టు అదురుతున్నా, మాటలు తడబడుతున్నా మూత్రపిండాలు మందును బయటికి పంపలేకపోతున్నాయేమోనని అనుమానించి వెంటనే డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చవలసి ఉంటుంది. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి.

ఈ భయం ఇళ్లలోనే కాదు, చట్టంలోనూ ఉండేది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం కింద మార్ఫిన్ తెప్పించుకోవడానికి ఒక్కో ఆసుపత్రి అనేక అనుమతుల కోసం తిరగవలసి వచ్చేది. ఆ బాధ పడలేక చాలా ఆసుపత్రులు దాన్ని ఉంచుకోవడమే మానేశాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించే దేశంలో, ఆ నల్లమందు నుంచే వచ్చే మాత్ర క్యాన్సర్ రోగికి దొరకకపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు సులువుగా తెప్పించుకునే వీలు కల్పించారు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి, 2022లో ప్రారంభమైన టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి మీకు అందుబాటులో ఉన్నాయి. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఉపశమన వైద్యానికి, అంటే నయం కాని జబ్బులో బాధను తగ్గించే వైద్యానికి, ప్రత్యేక విభాగమే ఉంది. మాత్రలు ఏ రోజుల్లో ఇస్తారో, రోగి రాలేకపోతే ఆయన కాగితాలతో ఇంటివారు వచ్చి తీసుకోవచ్చో ముందే కనుక్కోండి. చివరి మాత్ర దాకా ఆగకండి.

సెలైన్ సంగతి మీ చిన్నాయనకు నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఆయన అడుగుతున్నది ప్రేమతోనే. శరీరం మూతపడే దశలో ఆకలి తనంత తానే పోతుంది. తినకపోవడం వల్ల ఆయన పోవడం లేదు, జబ్బు పెరిగినందువల్ల తినలేకపోతున్నారు. ఆ దశలో రోజూ ఎక్కించే నీరు బలం ఇవ్వదు. కాళ్లలో, కడుపులో, ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం పెంచవచ్చు. వాంతులో విరేచనాలో ఎక్కువై నీరసించినప్పుడు మాత్రం డాక్టరు చూసి పెట్టడం వేరు. సంగటి ముద్ద ముందు పెట్టి "రెండు ముద్దలైనా తినాల" అని బతిమాలే బదులు, ఆయన అడిగినప్పుడు రెండు చెంచాల పలుచటి రాగి జావో మజ్జిగో ఇవ్వండి. తల కొంచెం ఎత్తి పెట్టి, మింగినట్టు గొంతు కదిలాకే రెండో చెంచా. తడి గుడ్డ వేలికి చుట్టి పెదవులూ, నాలుకా, దవడల లోపలా గంటకోసారి తుడవండి. మీ చిన్నాయన చేతికి ఆ పని అప్పగిస్తే, ఏదో ఒకటి చేయాలన్న ఆయన తపనకు దారి దొరుకుతుంది.

ఇక జబ్బు పేరు. రెండుసార్లు అడిగిన మనిషి సగం తెలుసుకునే అడుగుతారు. "నీకేమని అనిపిస్తోంది నాయనా?" అని మీరు తిరిగి అడిగి, ఆయన చెప్పేది చివరిదాకా వినండి, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో ఆయన మాటల్లోనే బయటపడుతుంది, అంతవరకే చెప్పండి, అబద్ధం మాత్రం చెప్పకండి. 1967లో లండన్‌లో ఆధునిక హాస్పిస్‌ను, అంటే చివరి దశ రోగులను చూసుకునే ఆశ్రయాన్ని, నెలకొల్పిన వైద్యురాలు సిసిలీ సాండర్స్, శరీరపు నొప్పితో పాటు మనసులోని దిగులూ, ఇంటివాళ్ల గురించిన బెంగా, దేవుడి మీది ప్రశ్నలూ కలిసే రోగి బాధ అవుతుందని చెప్పేవారు. నేను చూసిన ఒక మామిడి రైతు, మాత్రలు పెంచినా రాత్రుళ్లు మూలుగుతూనే ఉండేవారు. కొడుకు ధైర్యం చేసి నిజం చెప్పిన మర్నాడు ఆయన పాసు పుస్తకం తెప్పించుకుని, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి దగ్గర ఎంత రావాలో వరుసగా రాయించి, మంచాన్ని తోట కనబడే పక్కకు జరిపించుకున్నారు. ఆ తర్వాత మందు పెంచవలసిన అవసరం రాలేదు.

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు వ్యాపించింది. ఇంట్లోనే ఉంటానంటోంది. చివరి ఘడియల్లో ఏం జరుగుతుందో, మేం ఏం చేయాలో తెలియక భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చివరి ఒకటి రెండు రోజుల్లో నిద్ర పెరుగుతుంది, మింగడం తగ్గుతుంది, చేతులూ పాదాలూ చల్లబడతాయి, ఊపిరి వేగమై, నెమ్మదించి, కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగుర శబ్దం విని అమ్మకు ఊపిరాడడం లేదని కంగారు పడతారు. అది గొంతులో చేరిన ఉమ్మినీరు కదిలే శబ్దం, చాలావరకు ఆమెకు దాని స్పృహ ఉండదు. ఒక పక్కకు ఒత్తిగిలించి, భుజాల కింద దిండు పెట్టండి. అవసరమైతే దాన్ని తగ్గించే ఇంజెక్షన్ ఉంది. ఆయాసానికి కిటికీలు తెరిచి, చిన్న ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా పెట్టడం నిజంగా పనిచేస్తుంది, తక్కువ మోతాదు మార్ఫిన్ కూడా.

మాత్ర మింగలేని రోజు వస్తుంది కాబట్టి, అప్పుడు ఏమివ్వాలో ఇప్పుడే డాక్టరుతో మాట్లాడుకోండి. కొందరికి చర్మం మీద అంటించే ఫెంటనిల్ (మార్ఫిన్ లాంటి నొప్పి మందు) పట్టీ ఇస్తారు. మూడు రోజులకొకటి మార్చాలి, దాని మీద వేడి కాపడం పెట్టకూడదు, తీవ్ర జ్వరం వస్తే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే వేడికి మందు ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది. తులసి తీర్థం పోయాలన్న కోరిక సహజమే. మింగలేని మనిషి నోట్లో పోయకుండా, దూది ముంచి పెదవులు తడపండి. ఆమె వినడం లేదనుకుని మంచం దగ్గర ఖర్చుల మాటలు మాట్లాడకండి. ఆసుపత్రి కాగితాలన్నీ ఒకచోట ఉంచండి. మరణ ధ్రువీకరణకు స్థానిక డాక్టరు వాటినే అడుగుతారు, 21 రోజుల్లోగా నమోదు చేయించాలి.

ప్రశ్న: నాకు క్యాన్సర్ ముదిరింది. వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రాయవచ్చు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఆ హక్కును గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేసుకుంటే చాలు. మీరు నిర్ణయం చెప్పలేని స్థితికి వస్తే మీ తరఫున మాట్లాడవలసిన వారి పేర్లు అందులో రాయండి, వారితో ముందే కూర్చుని మాట్లాడండి, మీ డాక్టరుకు ఒక నకలు ఇవ్వండి. ఇంకో నకలు బీరువాలో కాకుండా మందుల సంచిలో ఉంచండి. అర్ధరాత్రి 108 వాహనం వచ్చినప్పుడు తాళాలు వెతికే సమయం ఉండదు.