రైతు ముఖ్యమంత్రి అయితే రైతుకు ఒరిగేదేమిటి?

ఒరుగుతుంది, కానీ మనం వెతికే చోట కాదు. కెనడాలోని ఒంటారియో ప్రావిన్సు సంగతి చూడండి.

1918లో, సరిగ్గా విత్తనాలు వేసే అదనులో, రైతు బిడ్డలకు నిర్బంధ సైనిక సేవ నుంచి ఇచ్చిన మినహాయింపును ఒట్టావాలోని కెనడా కేంద్ర ప్రభుత్వం ఎత్తేసింది. 1919 ఎన్నికల్లో ఆ కోపమంతా ఓట్లయింది. రైతుల పార్టీ యునైటెడ్ ఫార్మర్స్ ఆఫ్ ఒంటారియో 111 స్థానాల సభలో అతిపెద్ద పక్షమై, 11 మంది లేబర్ (కార్మిక) సభ్యులతో కలిసి గద్దెనెక్కింది. ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి) పదవికి ఎన్నుకున్న ఈ.సి. డ్రూరీ ఆ ఎన్నికల్లో అసలు పోటీయే చేయని రైతు. 1923లో పార్టీ 17 స్థానాలకు పడిపోయింది, ఆయనా ఓడిపోయాడు. డ్రూరీ అందర్నీ కలుపుకుందామంటే, పార్టీ కార్యదర్శి మోరిసన్ రైతులు తప్ప ఇంకెవరూ వద్దన్నాడు. పొత్తు మీద నిలిచిన ప్రభుత్వం ఆ తగువును తట్టుకోలేదు.

చాలామంది ఇక్కడే ఆగి, రైతులకు పాలన చేతకాదని తేల్చేస్తారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. డ్రూరీ సొంత కౌంటీ (మన జిల్లా లాంటిది) సింకో. అక్కడ అడవి నరికి సాగుచేసిన ఇసుక నేలలు సత్తువ చచ్చి, గాలికి లేచి పక్క పొలాల మీద పడేవి. 1922లో, డ్రూరీ హయాంలోనే, అక్కడ హెండ్రీ అడవి నాటడం మొదలైంది. భూమి కౌంటీది, నాటి ముప్పై ఏళ్లు సాకే ఖర్చు ప్రావిన్సుది. అసలు కిటుకు అదే. అన్నేళ్లు రాబడి లేని నేలకు పన్ను కట్టుకుంటూ ఏ రైతూ ఒంటరిగా కూర్చోలేడు.

నాటింది ఎక్కువగా రెడ్ పైన్ అనే దేవదారు జాతి చెట్టు. వైట్ పైన్ కలప మేలైనదే, కానీ చిగురు తొలిచే పురుగు పడితే మాను వంకర తిరుగుతుంది, పైగా బ్లిస్టర్ రస్ట్ తెగులు. రెడ్ పైన్‌కు ఆ బెడద తక్కువ, ఎండు ఇసుకలోనూ నిలుస్తుంది. ఆరడుగుల ఎడంతో నాటితే ఎకరాకు 1,200 మొక్కలు పడతాయి. ఆ ఒత్తిడికి కింది కొమ్మలు ఎండి రాలి, మాను నిటారుగా సాగుతుంది. అయితే పాతికేళ్లు దాటాక పలచన చేయాల్సిందే. చేయకపోతే పై గుబురు కుంచించుకుపోయి, సన్నబడ్డ చెట్లు గాలికీ మంచు బరువుకీ విరుగుతాయి. చేస్తే, దిగిన వెలుతురుకు మేపుల్, ఓక్ మొలకలు వాటంతటవే లేస్తాయి. సింకో కౌంటీ అడవి ఇప్పుడు 30 వేల ఎకరాలు దాటింది, నేటికీ కౌంటీ చేతిలోనే ఉంది.